మొదటి గుమ్మడికాయ ఎవరి బండికి

మా మామగారింట్లో ఆయుధ పూజ నాడు ఇంటి బండ్లన్నీ కడిగి వీధిలో వరుసగా నిలబెడతారు. ఆ వరుసలో మొదటిది నాది. నా పెళ్ళయిన ఏటి నుంచీ అంతే. అప్పట్లో నాకు పాత మోటారుసైకిలు ఉండేది, ఆ తర్వాత చిన్న తెల్లకారు వచ్చింది. దాని వెనక మిగతా బండ్లు, నా భార్య స్కూటరు, స్టూలు మీద మా అత్తగారి కుట్టుమిషను, అన్నిటికన్నా చివర మామగారి సైకిలు. మామగారు తలకు తువ్వాలు చుట్టుకుని, రెండు చేతులా బూడిద గుమ్మడికాయ పట్టుకుని వచ్చి నేరుగా నా బండి ముందు నిలబడతారు. దిష్టి తిప్పి, నడివీధిలో దబ్బున కొడతారు. ఆ తర్వాతే మిగిలినవాటి వంతు.

మామగారు కోలారు బంగారు గనుల్లో వైండరుగా పనిచేశారు. మనుషుల్ని కేజ్ అనే ఇనుప బోనులో ఎక్కించుకుని భూమి లోపలికి దించేదీ పైకి లాగేదీ ఒక పెద్ద ఇంజను. దాని బ్రేకు దగ్గర కూర్చునే మనిషిని వైండరు అంటారు. గని మూతపడి చాలా ఏళ్ళయినా, ఆ బ్రేకు మీద చెయ్యేసి ఒక్క ప్రాణానికీ కీడు రానివ్వలేదు గనక ఆయన చెయ్యి మంచిదని లైన్లలో పేరు నిలిచిపోయింది. లైన్లంటే గని కూలీల కోసం కట్టిన ఇళ్ళ వరుసలు. ఆయన ఇప్పటికీ అక్కడే ఉంటారు. పూజ రోజున ఎవరు యాడ ఉన్నా బండి తెచ్చి ఆయన చేతనే కాయ కొట్టించుకుంటారు. అందులో మొదటి కాయ నాది.

నేను బెంగళూరులో ఒక ఆఫీసులో గుమాస్తాను. తెల్లవారుతుండగా ఊరిగాం స్టేషన్లో రైలెక్కుతాను, దీపాలు పెట్టాక దిగుతాను. మా గనుల ఊరు కేజీఎఫ్‌లో సగంమంది బతుకు ఇదే. ఆఫీసులో నన్ను ఎవరూ ముందు పిలవరు. రైల్లో సీటు నాకు ఆఖర్న దొరుకుతుంది, అదీ ఎవరో మధ్యలో దిగితే. అలాంటివాడికి ఏడాదికొకసారి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా చూస్తుండగా పెద్దల్లుడి హోదాలో మొదటి పూజ అందుకోవడం చిన్న సంగతి కాదు. పెద్దల్లుడి హోదా అని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. ఇంకేం కారణం ఉంటుంది?

ఇక నా తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలి మొగుడు. రాయల్పాడు పక్కన వాళ్ళకు మామిడి తోటలున్నాయి, శ్రీనివాసపురంలో మండీ ఉంది. మనిషి మంచివాడు. ఈ మాట పళ్ళు కొరుక్కుంటూ రాస్తున్నాను గానీ నిజం. నన్ను అన్నా అని తప్ప పిలవడు. కాయల కాలంలో మా ఇంటికి బుట్టలకు బుట్టలు పంపిస్తాడు. వాడు చెడ్డవాడయి ఉంటే నా ప్రాణానికి సుఖంగా ఉండేది. మంచివాణ్ణి చూసి కుళ్ళుకోవడంలో ఉన్న కష్టం ఏమిటంటే, నలుగురిలో చెప్పుకుని ఏడవడానికి కూడా వీలుండదు.

ఇన్నేళ్ళూ అతను పూజకు మండీ జీపులో వచ్చేవాడు. మామిడికాయల కింద పరిచే గడ్డి, జిగురు, ఎండిన ఆకులు అంటుకున్న జీపు. వరుసలో దానిది రెండో చోటు. నాకు ఆ జీపంటే ఎంతో అభిమానం. ఈ ఏడాది కాయలకు మంచి ధర పలికినట్టుంది, బెంగళూరులో ఎవరి దగ్గరో స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండు తలుపులు, రెండే సీట్లు, నేలకు ఆనుకున్నంత ఎత్తు, మెరిసే పసుపు రంగు.

ఆ బండి రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక్కసారి తిరిగింది, అంతే. మర్నాడు రైల్లో పేకాట ఆడేవాళ్ళు ముక్కలు కింద పెట్టి నావైపు తిరిగారు. "ఏమప్పా, ఆ పసుపు బండి మీ తోడల్లుడిదంట కదా?" ఇన్నేళ్ళుగా వాళ్ళ పక్కన నిలబడి ప్రయాణం చేస్తున్నాను, నా పేరు తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ రోజు నుంచి నాకొక గుర్తింపు వచ్చింది. పసుపు బండి తోడల్లుడు. క్షవరం చేసేచోటా అదే మాట, కిరాణా కొట్లోనూ అదే మాట. "స్కూలు బస్సు రంగు కదప్పా అది" అని రెండు మూడు చోట్ల చమత్కరించాను. ఎవరూ నవ్వలేదు. ఇంట్లో మాత్రం నా భార్య నవ్వింది. "మీకు కడుపు మండతా ఉండాది, నాకు తెలుస్తా ఉండాది" అంది. నేను మజ్జిగ తాగి పడుకున్నాను.

పూజ ఇంకా రెండు వారాలుండగా అతను ఫోన్ చేశాడు.

"అన్నా, ఆదివారం ఖాళీనా? కోలారుకు రా. బండికి సక్రాలు మార్పించాల."

"ఉండే సక్రాలకేమైంది?"

"ఏమీ కాలే. ఇంగా పెద్దవి ఏస్తే చూసేదానికి సెమగా ఉంటాదని. నువ్వు నీ బండిలో రా అన్నా. పాత సక్రాలు తెచ్చేదానికి నా బండిలో జాగా యాడుండాది?"

అంటే నన్ను పిలిచింది సలహాకు కాదు, సామాను మోయడానికి. పోకూడదనుకున్నాను. ఆదివారం పొద్దున్నే అందరికన్నా ముందు కోలారు చేరిపోయాను. ఓర్వలేనివాడికి ఒక లక్షణం ఉంటుంది. చూస్తే కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టుంటుందని తెలిసీ, చూడకుండా ఉండలేడు.

హైవే పక్కన పెద్ద టైర్ల షాపు అది. లోపల గోడ నిండా అలాయ్ చక్రాలు తగిలించారు. కొన్ని నల్లవి, కొన్ని వెండి రంగువి, కొన్ని గన్‌మెటల్ రంగువి. యజమాని యాభై దాటినాయన, మెడలో కళ్ళద్దాలు వేలాడేసుకుని ఉన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఉన్నవి పదిహేడు ఇంచులని చెప్పి రెండు రకాలు కిందికి దింపించాడు. ఒకటి పద్దెనిమిది, ఒకటి పంతొమ్మిది. రెండూ ఒకే నమూనా, సన్నటి పుల్లలు పదో పన్నెండో, మధ్యలో చిన్న మూత.

"పద్దెనిమిది అయితే కండ్లు మూసుకొని ఏసిస్తాను సార్" అన్నాడాయన. "పంతొమ్మిది చూసేదానికి బ్రహ్మాండంగా ఉంటాది. కానీ ఒకటి చెప్తాను, తర్వాత నా మీద గలాటా చేయకూడదు. నేరుగా పోయేప్పుడు ఏమీ తెలీదు. స్టీరింగ్ ఫుల్లుగా తిప్పినప్పుడు, పక్క సీట్లో మనిషి కూర్చొని ఆ బరువుకి బండి కిందికి అణిగినప్పుడు, టైరు పోయి లోపల తగులుతాది. బర్రని శబ్దం వస్తాది."

నా తోడల్లుడు రెండు చక్రాల్నీ బండి పక్కన ఆనించి నిలబెట్టించి, దూరంగా పోయి చూశాడు, దగ్గరికొచ్చి చూశాడు. ఆ తర్వాత నావైపు తిరిగాడు.

"నువ్వు చెప్పన్నా. పద్దెనిమిదా, పంతొమ్మిదా?"

పంతొమ్మిది ఎంత బాగుందో నాకు కనబడుతూనే ఉంది. ఆ బండికే పుట్టినట్టుంది. "పద్దెనిమిది చాలప్పా" అన్నాను. "రేపు ఏమన్నా అయితే ఎవరికి బాధ? పద్దెనిమిది ఏసుకో." షాపాయన తల పంకించి, "అన్నగారు సరిగ్గా చెప్పినారు" అని నన్ను గౌరవంగా చూశాడు. నేను సరిగ్గా చెప్పలేదు. వాడికి ఒక్క ఇంచయినా తగ్గాలని చెప్పాను. అప్పుడు నా నోట్లో నుంచి వచ్చింది వట్టి కుళ్ళు, దానికి సలహా అని పేరు పెట్టుకున్నాను.

అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నా పక్కన ఎవరు కూర్చుంటారన్నా? ఆమెకి ఆ బండంటేనే బేజారు. దాంట్లో నేనొక్కణ్ణే కదా పోయేది. పంతొమ్మిదే ఏసేయండి" అన్నాడు.

మొదట నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చి చల్లబడ్డాను. పక్కన ఎవరూ కూర్చోరు. అంటే మామగారు కూర్చోరు. నెలకొకసారి మామగారిని కంటి ఆసుపత్రికి తీసుకుపోయేది నేను. నా బండిలో ముందు సీటు ఆయనది. ఇంకెవరు పిలిచినా "నాకు కార్లు పడవప్పా" అని తప్పించుకుంటారు గానీ నా బండిలో మారుమాట్లాడకుండా ఎక్కుతారు. ఎక్కినంతసేపూ ఒక చేత్తో తలుపు మీది పిడి పట్టుకుని, కుడికాలితో కింద మ్యాట్‌ను నొక్కుతూ కూర్చుంటారు, బ్రేకు అక్కడే ఉన్నట్టు. బతుకంతా బ్రేకు పట్టుకున్న మనిషి కదా, అలవాటు పోలేదనుకునేవాణ్ణి. ఏళ్ళ తరబడి మడమ నొక్కి నొక్కి ఆ మ్యాట్ ఒకచోట గుంటపడి చిల్లు కూడా పడింది. కొత్త మ్యాట్ వేద్దామని నా భార్య అంటే ఒప్పుకోలేదు. నాకు ఆ చిల్లు అంటే గొప్ప. ఆ గొప్ప నాకే ఉంటుందని ఆ షాపులో నిలబడి ధైర్యం తెచ్చుకున్నాను.

పాత చక్రాలు ఒక్కొక్కటే ఊడదీశారు. కొత్త రిమ్ములకు సన్నటి టైర్లు ఎక్కించి, మిషను మీద తిప్పి బరువు సరిచూసి, అంచు లోపల చిన్న చిన్న సీసం బిళ్ళలు అంటించారు. బండికి తగిలించి నట్లు బిగిస్తుంటే ఆ బిగించే పానా సరిపోయిందని టక్కుమని చెబుతోంది. చివరి టక్కు వినబడ్డాక జాకీ దింపారు.

ఎంత కుళ్ళుబోతునయినా ఉన్నమాట చెప్పాలి. చక్రాలు మారేసరికి బండి మొత్తం మారిపోయింది. టైరుకూ పైన ఆర్చ్‌కూ మధ్య ఇంతకు ముందు నాలుగు వేళ్ళు దూరేంత సందు ఉండేది, ఇప్పుడది లేదు. పుల్లల మధ్యలో నుంచి ఎర్రటి బ్రేకు కనబడుతోంది. కదలకుండా నిలబడి ఉండగానే ఎక్కడికో పోతున్నట్టుంది బండి. రోడ్డు మీద పోయే లారీ డ్రైవరు కూడా వేగం తగ్గించి చూశాడు.

నా బండిది ఇనుప చక్రం, దాని మీద ప్లాస్టిక్ మూత. నాలుగు మూతల్లో ఒకటి బంగారుపేట రైలు గేటు దగ్గర ఎగిరిపోయింది, మిగిలిన మూడింటినీ ప్లాస్టిక్ టాగులతో కట్టాను. వాళ్ళు పాత చక్రాల్ని నా బండి డిక్కీలోనూ వెనక సీటు మీదా సర్దుతుంటే షాపాయన వంగి చూశాడు. "సార్, మీకొక మూత కావల్నా? లోపల ఒకటి విడిగా పడి ఉండాది, సుమ్నే తీసుకోండి, డబ్బులేమీ వద్దు." వద్దన్నాను. వాడి పాత చక్రాలు కూడా అలాయ్‌వే, నా బండి బయట ఉన్న చక్రాల కన్నా లోపల మోస్తున్న చక్రాలు అందంగా ఉన్నాయి. ఈ సంగతి ఎవరూ గమనించకూడదని దారిపొడుగునా అద్దాలు ఎక్కించే తోలాను.

కొత్త చక్రాలు మామకు చూపించాలని అతను కోలారు నుంచి నేరుగా లైనుకే పోనిచ్చాడు. వెనక నేను. నేను చేరేసరికి జనం మూగి ఉన్నారు. మామగారు లుంగీ ఎగ్గట్టుకుని బయటికొచ్చి నిలబడ్డారు. "రా మామా, ఒక రౌండు పోయొద్దాం" అన్నాడతను, తలుపు తీసి.

నాకు కార్లు పడవప్పా అంటారని ఎదురుచూశాను. ఆయన ఆ మాట అనలేదు. కూర్చునేదానికి చాలా కిందికి వంగాల్సొచ్చింది, అయినా మోకాళ్ళు పట్టుకుని వంగి, నవ్వుతూ లోపలికి దూరారు. తలుపు మూసుకుంది. పసుపు బండి లైను చివర దాకా పోయి, మలుపు తిరిగి, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల వైపు కనబడకుండా పోయింది. నేను మా అత్తగారి పక్కన నిలబడి ఉన్నాను. "చూడప్పా, మీ మామకి ఈ వయసులో ఎంత జోరో" అందావిడ ముచ్చటగా. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

తిరిగొచ్చాక ఆయన చేసిన పని నేను ఎప్పటికీ మరచిపోను. బండి దిగి, తన వైపున్న ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. అరచెయ్యి చాపి టైరు మీద పెట్టి, మెల్లగా లోపలి వైపుకు పోనిచ్చి, ఆర్చ్ లోపల అంతా తడిమారు. చాలాసేపు తడిమారు. పసిపిల్లకు స్నానం చేయించేటప్పుడు కూడా అంత శ్రద్ధగా ఎవరూ తడమరు. తర్వాత లేచి అల్లుడితో ఏదో మెల్లగా అన్నారు. అతను నవ్వి, సరే సరే అన్నట్టు తలూపాడు. ఇన్నేళ్ళలో ఆయన నా బండి బానెట్టు మీద ఒక్కసారి చెయ్యేసిన పాపాన పోలేదు. లైను గోడకు గుద్ది నేను బంపరు సొట్ట చేసుకున్న రోజు మాత్రం వచ్చి చూశారు, చూసి ఏమీ అనకుండా లోపలికి పోయారు. అదే మొదటిసారీ, కడసారీ.

ఆ వారమంతా నాకు సరిగ్గా నిద్రలేదు. నా భయం ఒక్కటే, ఈసారి మొదటి గుమ్మడికాయ ఎవరికి? నా భార్యను అడిగితే, "గుమ్మడికాయకి పోటీనా, సిగ్గులేదా?" అంది. సిగ్గుంది. సిగ్గుంటే మాత్రం మంట తగ్గుతుందా? పూజ ముందురోజు సాయంత్రం నా కారును రెండుసార్లు కడిగాను. పోయిన మూత జాగాలో నల్ల రంగు కొట్టాను. అరటి పిలకలు పెద్దవి చూసి తెచ్చాను. చామంతి దండ బానెట్టుకు ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చేటట్టు కట్టించాను.

పూజ రోజు పొద్దున అందరికన్నా ముందుపోయి బండిని వరుసలో మొదట నిలబెట్టాను. పసుపు బండి నా వెనక వచ్చి నిలబడింది. అతను "నమస్తే అన్నా" అని చేతులు కలిపి పలకరించాడు. బొరుగులు, బెల్లం, అరటిపళ్ళు, నిమ్మకాయలు అన్నీ పళ్ళేల్లో సిద్ధమయ్యాయి. పక్కిళ్ళవాళ్ళు గడపల్లో నిలబడ్డారు. మామగారు తలకు తువ్వాలు చుట్టుకుని గుమ్మడికాయతో వీధిలోకి వచ్చారు.

నా బండి దగ్గరకొచ్చారు. నేను చేతులు జోడించాను. ఆయన నన్నూ నా బండినీ దాటుకుని పోయారు.

పసుపు బండి ముందు నిలబడి, మామూలుగా మూడుసార్లు తిప్పే మనిషి ఎన్నిసార్లు తిప్పారో లెక్కలేదు. ఆ పంతొమ్మిది ఇంచుల చక్రాల్లో ఒక్కొక్కదాని ముందు వంగి పసుపు రాసి కుంకుమ పెట్టారు. ఒక్కొక్క టైరు కింద ఆయనే నిమ్మకాయ పెట్టారు. మొన్న తాను కూర్చున్న వైపు ముందు చక్రం దగ్గర కళ్ళు మూసుకుని ఏదో గొణిగారు. ఆ తర్వాత కాయ ఎత్తి కొట్టారు. దబ్బున పగిలి గుజ్జు నా బండి టైరు దాకా వచ్చి పడింది.

గడపల్లో నిలబడినవాళ్ళు నావైపే చూస్తున్నారనిపించింది. చూశారో లేదో నాకు తెలీదు, నేను తలెత్తలేదు. రెండో కాయ నా బండికి కొట్టేటప్పుడు మామగారు ఎప్పటిలాగే కొట్టారు, హారతి ఇచ్చారు. నేను కళ్ళకద్దుకున్నాను. లోపల మాత్రం ఇన్నేళ్ళ పెద్దల్లుడి హోదా ఆ మొదటి కాయతో పాటు వీధిలో పగిలిపోయింది. చక్రాలు రెండు ఇంచులు పెరిగితే మనిషి మర్యాద కూడా పెరుగుతుందన్నమాట అనుకున్నాను. కుళాయి దగ్గరికి పోయి, కడిగిన చేతుల్నే మళ్ళీ మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను.

పూజయ్యాక బండ్లు బంగారు తిరుపతి గుడిదాకా పోయి రావడం మా ఇంటి ఆనవాయితీ. నా భార్య, అత్తగారు ఒబ్బట్ల పనిలో పడి ఇంట్లోనే ఆగిపోయారు. ఆ బండంటే బేజారన్న మరదలు కూడా పండగ పూట మొగుడి పక్కన కూర్చోబోతుంటే మామగారు అడ్డం పడ్డారు. "నువ్వు స్కూటర్లో రామ్మా. వాణ్ణి ఒక్కణ్ణే రానీ" అన్నారు. ఆయన మాత్రం వచ్చి, నా బండి ముందు సీట్లో కూర్చుని తలుపేసుకున్నారు.

పసుపు బండి ముందు పోయింది. మేం వెనక. గుడి రోడ్డెక్కాక ఆగలేకపోయాను.

"ఈసారి చిన్నల్లుడి బండికి ముందు కొట్టినారే మామా."

"కొట్టినాను."

"సక్రాలు పెద్దవనా?"

"పెద్దవనే" అన్నారాయన. ఆ తర్వాత ఆయనే చెప్పుకొచ్చారు. "మొన్న దాంట్లో కూర్చున్నాను కదప్పా. మన లైను మలుపులో తిప్పినాడు. నా కాళ్ళ దగ్గర బర్రని అరిసింది చూడు, సచ్చినాం అనుకున్నాను. దిగి చెయ్యి పెట్టి చూస్తే టైరు పోయి లోపల గీరి గీరి పెట్టుండాది. తీసేయప్పా ఆ సక్రాలు అంటే నవ్వతాడు. మన బిడ్డని ఇచ్చిన ఇల్లు కదా, నాకు నిద్ర లే ఈ వారం."

నాకూ ఆ వారం నిద్రలేదు. ఆ మాట చెప్పలేదు. "దానికీ ముందు పూజకీ ఏమిటి సంబంధం?" అన్నాను.

"గని షాఫ్ట్‌లో మేం అట్లనే చేస్తా ఉంటిమి. ఏ తాడు మీద, ఏ ఇంజను మీద భయం ఉంటాదో దానికే ముందు కాయ. మంచిగా నడిచేదానికి తర్వాత కొట్టినా అది ఏమీ అనుకోదు."

బండి తోలుతున్నానన్న సంగతి ఒక నిమిషం మరచిపోయాను. "మరి ఇన్నేండ్లు నా బండికి..."

మామగారు నవ్వారు. పళ్ళు లేని పక్క నుంచి, గుక్క తిప్పుకోకుండా నవ్వారు. "ఏమనుకుంటివి? పెండ్లైన కొత్తలో గేటు దగ్గర మోటారుసైకిల్ మీద నుంచి పడితివి. కారు తెచ్చినాక గోడకి గుద్దితివి. నీ పక్కన కూర్చొని నేను తొక్కిన బ్రేకు గనిలో కూడా తొక్కలేదప్పా."

"పెద్దల్లుడనని అనుకున్నాను మామా."

"కాయకి పెద్దా చిన్నా ఏం తెలుస్తాది?" అని తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు. "ఇప్పుడు బాగా తోలతా ఉండావు. ఇంగ నీ గురించి నాకు ఏ దిగులూ లేదు. ఆ పిల్లోడికి నువ్వు చెప్పు, నీ మాటైతే వింటాడు. పెద్దవి వద్దని నువ్వు ఆ పొద్దే చెప్పినావంట కదా, వాడే అన్నాడు. పాత సక్రాలు నీ దగ్గరనే ఉండాయంట, మార్పించేయండి ఇద్దరూ పోయి."

చెప్తానన్నాను. నా కుళ్ళుకు ఇంత మంచి పేరొస్తుందని అనుకోలేదు. ఆయన సీటు వెనక్కి వాల్చమన్నారు, వాల్చాను. పిడి వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. కాసేపటికి గురక వినిపించింది. ఇన్నేళ్ళలో ఆయన నా బండిలో నిద్రపోవడం అదే మొదటిసారి. కాళ్ళు రెండూ ఎటో జారిపోయి ఉన్నాయి. మధ్యలో మ్యాట్ మీద ఆ చిల్లు ఖాళీగా కనబడుతోంది.

సంతోషించాల్సిన సంగతే. బాగా తోలుతున్నానని వైండరుగా చేసిన మనిషే అన్నారు. కానీ నా కళ్ళు ముందుపోయే పసుపు బండి మీదే ఉన్నాయి. మొన్న ఆ పక్క సీట్లో కూర్చుని ఆయన ఎంత గట్టిగా మ్యాట్ నొక్కి ఉంటారో అనుకున్నాను. ఈ వారమంతా ఆయనకు నిద్ర లేకుండా చేసింది వాడు. ఇంతకు ముందు ఆ పని నాది. ఆ చక్రాల్ని చూసినప్పుడు కూడా, నిజం చెప్పాలంటే, నాకు ఇంత మండలేదు.

ముందు రోడ్డు ఖాళీగా ఉంది. అటూ ఇటూ చూసుకుని, యాక్సిలరేటర్ కొంచెం నొక్కాను. ఇంకొంచెం నొక్కాను. మలుపు దగ్గర బండి ఒక పక్కకు ఒరిగింది. మామగారి చెయ్యి పోయి పిడి పట్టుకుంది. కుడికాలు పాత చిల్లులోకి దిగి గట్టిగా నొక్కింది. కళ్ళు మాత్రం తెరవలేదు.

"నిదానంగా పోప్పా" అన్నారు.

"సరే మామా" అన్నాను. అక్కణ్ణుంచి గుడి దాకా ఆ కాలు అక్కడి నుంచి కదల్లేదు. నాకు చాలా సంతోషమైంది.